ఏప్రిల్ అప్రైజల్: మార్కులా, ర్యాంకులా, మాటామంతీయా?

నేను పనిచేసిన ఒక కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జి ఒకాయనకు అప్రైజల్ (ఏడాది పనితీరు మదింపు) కాగితం చేతికిస్తే రెండుసార్లు చదివి, "సార్, ఇది పోయిన ఏడాదిది కాదు కదా?" అని అడిగారు. కాదన్నాను. ఆయన ఫైలు తెరిచి కిందటి ఏడాది కాగితాన్ని పక్కన పెట్టారు. "మెరుగుపరచుకోవలసిన అంశాలు" అన్న గడిలో రెండేళ్లూ ఒకటే వాక్యం: "చొరవ పెంచుకోవాలి.." వాక్యం చివర పొరపాటున పడిన రెండో చుక్క కూడా మారలేదు. మేనేజరు పాత ఫైలు తెరిచి తేదీ మార్చి పంపేశారు. ఆయన్ని అనడానికి నాకు నోరు రాలేదు. ఆ ఫారం తయారుచేసింది నేనే. పన్నెండు మంది ఫారాలు మూడు రోజుల్లో నింపి ఇవ్వమని వెంటపడింది కూడా నేనే.

అప్పటి నుంచి చిన్న, మధ్యతరహా సంస్థలు నడిపే మిత్రులు "మా దగ్గర అప్రైజల్‌కు ఏ పద్ధతి పెడితే బాగుంటుంది?" అని అడిగినప్పుడల్లా నేను ముందు ఫారం గురించి మాట్లాడను. 15 మంది నుంచి కొన్ని వందల మంది వరకు ఉన్న సంస్థలో ఈ బాధ్యత నెత్తిన పడినవారి కోసం ఇది రాస్తున్నాను. లక్షల మంది ఉద్యోగులున్న కంపెనీలకు సలహాదారులు వేరే ఉంటారు.

## ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఈ కాగితం దేనికి? ఇంక్రిమెంటు పంచడానికా, మనిషి పని మెరుగుపడటానికా, ప్రమోషన్ ఎవరికో తేల్చడానికా, రేపు ఎవరినైనా తీసేయవలసి వస్తే చేతిలో ఆధారం ఉండటానికా? యజమానిని అడిగితే "అన్నిటికీ" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. జీతం మాట ఎత్తిన గదిలో ఇంకో మాట చెవికెక్కదు. ఎదుటి మనిషి తన లోపాల గురించి వింటున్నట్టు తలాడిస్తూ మనసులో శాతాలు లెక్క వేసుకుంటూ ఉంటారు.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. 1960లలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ తన సొంత మేనేజర్ల అప్రైజల్ సమావేశాల మీదే పరిశీలన చేయించింది. ఆ పరిశీలన చేసిన హెర్బర్ట్ మేయర్ బృందం ఆ ఫలితాలను 1965లో ప్రచురించింది. పొగడ్త పనిని పెద్దగా మార్చలేదు. విమర్శ మోతాదు పెరిగిన చోట తర్వాతి మెరుగుదల ఇంకా తగ్గింది. జీతం గురించిన సమావేశాన్ని, పని మెరుగుదల గురించిన సమావేశాన్ని వేరు చేయమని వారు సూచించారు. అరవై ఏళ్లు గడిచినా మనం ఏప్రిల్‌లో ఒకే అరగంటలో రెండూ కానిచ్చేస్తున్నాం.

రెండోది, ఒక్కో మేనేజరు కింద ఎంతమంది ఉన్నారు? ఎనిమిది మంది ఉంటే నడిచే పద్ధతి ముప్పై మంది ఉన్న షాప్‌ఫ్లోర్‌లో నడవదు. మూడోది, పని లెక్కకు దొరుకుతుందా? అకౌంట్స్ పని దొరుకుతుంది. రిసెప్షన్‌లో కోపంగా వచ్చిన కస్టమర్‌ను చల్లబరచి పంపడం దొరకదు. నాలుగోది సమయం. అయిదోది చాలామంది మరచిపోయేది: "ఈ మార్కు అన్యాయం" అని ఉద్యోగి ఎవరి దగ్గరకు వెళ్లాలి? మార్కు వేసిన మేనేజరు దగ్గరకే అయితే ఆ దారి ఉన్నా లేనట్టే.

ఈ అయిదింటినీ దగ్గర పెట్టుకుని ఒక్కో పద్ధతినీ చూద్దాం.

## ఏడాదికోసారి మార్కులు

ఎక్కువ కంపెనీల్లో ఉన్నది ఇదే. పది అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కు, కింద రెండు గడుల్లో వ్యాఖ్య, చివర సంతకాలు. అందరికీ అర్థమవుతుంది, ఎక్సెల్‌లో పెట్టి కూడికలు చేసుకోవచ్చు, ఇంక్రిమెంటుకు నేరుగా ముడిపెట్టవచ్చు.

దీని లోపం మార్కు వేసే మనిషిలోనే ఉంది. 2000లో స్కలెన్, మౌంట్, గాఫ్ అనే పరిశోధకులు 4,492 మంది మేనేజర్లకు వారి పై అధికారులు, సహోద్యోగులు, కింది ఉద్యోగులు ఇచ్చిన మార్కులను విశ్లేషించారు. మార్కుల్లోని తేడాల్లో సగానికి పైగా, మార్కు వేసినవారి సొంత ధోరణి నుంచే వచ్చాయని తేలింది. అంటే మీ ఉద్యోగికి వచ్చిన 3, చాలావరకు ఆ మేనేజరు చేతి పిసినారితనాన్ని కొలిచిన అంకె. దానికి జ్ఞాపకం తోడవుతుంది. ఏప్రిల్‌లో కూర్చుంటే గుర్తొచ్చేది ఫిబ్రవరి, మార్చి. జూన్‌లో సర్వర్ పడిపోయిన రాత్రి తెల్లవారే దాకా కూర్చున్నవారు గుర్తుకు రారు. మార్చి 28న సెలవు పెట్టినవారు మాత్రం బాగా గుర్తుంటారు.

ఈ పద్ధతిని ఉంచుకోదలిస్తే రెండు మార్పులు చేయండి. మొదటిది, అంశాలను పది నుంచి నాలుగుకు దించి ప్రతి అంకె పక్కన ఆ అంకె అంటే ఏమిటో రాయండి. "బాధ్యత: 4" అంటే ఎవరికి ఏం తెలుస్తుంది? స్టోర్స్ ఉద్యోగికైతే ఇలా రాయవచ్చు: "2: సరుకు అయిపోయాక చెబుతారు. 3: అడిగితే సరైన నిల్వ చెప్పగలరు. 4: అయిపోయేలోపే తామే చెబుతారు. 5: ఎందుకు తరచూ అయిపోతోందో కారణం కూడా చెబుతారు." ఇది రాయడానికి ఒక్కో ఉద్యోగానికి ఒక పూట పడుతుంది. మళ్లీ మూడేళ్లు ముట్టుకోనక్కర్లేదు.

రెండో మార్పును ప్రభుత్వం నుంచి అరువు తెచ్చుకోవచ్చు. నవ్వకండి. ప్రభుత్వ ఉద్యోగుల వార్షిక రహస్య నివేదిక, అదే ఏసీఆర్, దశాబ్దాల పాటు నిజంగానే రహస్యంగా ఉండేది. ప్రతికూల వ్యాఖ్య ఉంటేనే ఉద్యోగికి తెలిపేవారు. సరిహద్దు రోడ్ల ఇంజినీరింగ్ సర్వీసులో దేవ్ దత్ అనే ఇంజినీరుకు ఒక ఏడాది "గుడ్" అని రాశారు. ప్రమోషన్‌కు కావలసింది "వెరీ గుడ్". "గుడ్" అన్నది తిట్టు కాదు కాబట్టి ఆయనకు తెలపలేదు. ప్రమోషన్ మాత్రం ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. 2008లో సుప్రీంకోర్టు, ఏ గ్రేడైనా సరే ఉద్యోగికి తెలపాల్సిందేనని తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం ఏసీఆర్ స్థానంలో ఏపీఏఆర్, అంటే వార్షిక పనితీరు మదింపు నివేదిక, తెచ్చింది. నివేదిక మొత్తం ఉద్యోగికి చూపాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజుల గడువు ఉంటుంది, ఒక అధికారి రాసినదాన్ని ఇంకో అధికారి సమీక్షించాలి. కనీసం మూడు నెలలు ఆ ఉద్యోగి పనిని చూడని అధికారి నివేదిక రాయకూడదన్న నియమమూ ఉంది. మార్చిలో టీమ్ మారి వచ్చిన మేనేజరు చేత ఏప్రిల్‌లో మార్కులు వేయించే ప్రైవేటు కంపెనీలకు ఈ ఒక్క నియమం చాలు, సగం ఏడుపులు తగ్గుతాయి.

## బెల్ కర్వ్

ఇందులో ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి, మధ్యలో ఎక్కువమంది, రెండు చివర్లా కొద్దిమంది వచ్చేలా ముందే నిర్ణయించిన గడుల్లో సర్దుతారు. జనరల్ ఎలక్ట్రిక్‌ను 1981 నుంచి 2001 దాకా నడిపిన జాక్ వెల్చ్ దీనికి పేరు తెచ్చారు. పైన 20 శాతం, మధ్యలో 70, కింద 10. కింది పది శాతం సాధారణంగా ఇంటికే. పైన చెప్పిన 1965 పరిశీలన జరిగింది కూడా ఆ కంపెనీలోనే!

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. "నీ పని బాగుంది, కానీ కర్వ్‌లో సర్దాలి కదా" అన్న మాట చాలామంది విన్నదే. మైక్రోసాఫ్ట్ 2013లో దీన్ని వదిలేసింది. పక్క టేబుల్ మనిషి కిందికి జారితేనే నాకు పై గడి దొరుకుతుందంటే ఎవరు ఎవరికి సాయం చేస్తారు?

అయినా దీన్ని పూర్తిగా తీసిపారేయలేం. అందరికీ 4 వేసి మంచివాళ్లనిపించుకునే మేనేజర్ల రోగానికి ఇది మందు. వేలమంది చేసే ఒకే రకం పనికి, బడ్జెట్ బిగువుగా ఉన్నప్పుడు, దీని వెనుక ఒక లెక్క ఉంది. మీ సంస్థలో ఆ లెక్క కుదరదు. ఎనిమిది మంది టీమ్‌లో పది శాతం అంటే 0.8 మనిషి. ఆ సున్నా పాయింట్ ఎనిమిది మనిషి ఎవరు? ఎనిమిది మందీ బాగా చేసిన ఏడాది కూడా మేనేజరు ఎవరో ఒకరిని బలి ఇవ్వాలి. సాధారణంగా ఆ బలి ప్రసూతి సెలవు మీద ఉన్నవారో, కొత్తగా చేరినవారో, గట్టిగా అడగలేనివారో అవుతారు. 200 మంది కన్నా తక్కువ ఉన్న సంస్థలో ఎవరైనా బెల్ కర్వ్ పెడతామంటే నేను వద్దనే అంటాను.

మేనేజర్లందరి మార్కులను పక్కపక్కన పెట్టి ఒక పూట కూర్చుని, "మీ 4కూ మా 4కూ తేడా ఏమిటి?" అని అడగడం మాత్రం ఎవరైనా చేయవచ్చు. కర్వ్ వల్ల వచ్చే మేలు అక్కడే చాలావరకు దొరుకుతుంది.

## లక్ష్యాలతో కొలత

ఏడాది మొదట్లో లక్ష్యాలు రాసుకుని చివర్లో ఎంతవరకు వచ్చామో చూసుకోవడం. మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్ 1954లో దీనికి రూపం ఇచ్చారు. మన కంపెనీల్లో కేఆర్ఏలు (కీ రిజల్ట్ ఏరియాలు) అంటారు. ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ దిద్ది, 1999లో పెట్టుబడిదారు జాన్ డోర్ గూగుల్‌కు తీసుకెళ్లిన ఓకేఆర్‌లు (లక్ష్యాలు, కీలక ఫలితాలు) దీని చిన్న తమ్ముళ్లు. అవి మూడు నెలలకోసారి మారతాయి, వాటిని జీతానికి ముడిపెట్టకూడదంటారు. పేరు ఓకేఆర్ అని పెట్టి బోనస్‌కు ముడివేసే కంపెనీలు పెట్టుకున్నవి కేఆర్ఏలే.

పనికి తేదీ, అంకె ఉన్న చోట దీన్ని మించింది లేదు. అకౌంట్స్ ఉద్యోగికి లక్ష్యాలు చట్టమే రాసిపెట్టింది: 7వ తేదీలోపు టీడీఎస్ (చెల్లింపుల్లోనే కోసిన పన్ను) జమ, నెలనెలా జీఎస్‌టీ రిటర్నులు వేసే సంస్థైతే 11కల్లా అమ్మకాల వివరాల జీఎస్‌టీఆర్-1, 20కల్లా పన్ను లెక్క తేల్చే జీఎస్‌టీఆర్-3బీ. ఎన్ని నెలలు గడువులోపు అయ్యాయి, ఎంత ఆలస్య రుసుము కట్టాం అన్నది చూస్తే వాదనకు చోటుండదు.

అంకె ఒక్కటే చూస్తే మాత్రం మనుషులు అంకెనే తయారుచేసి ఇస్తారు. రోజుకు 120 కాల్స్ అని లక్ష్యం పెట్టిన టెలికాలర్ కస్టమర్ గోడు పూర్తిగా వినకుండా పెట్టేస్తారు. సేల్స్‌లో మార్చి 30న డీలర్ గోడౌన్‌లోకి బలవంతంగా తోసిన సరుకు ఏప్రిల్ 15కల్లా తిరిగి వస్తుంది, ఈలోపు ఇన్సెంటివ్ జేబులో పడి ఉంటుంది. ప్రతి అంకెకూ దాన్ని అదుపులో పెట్టే రెండో అంకె జత చేయండి: కాల్స్‌తో పాటు మళ్లీ వచ్చిన ఫిర్యాదులు, అమ్మకంతో పాటు వసూలు. ఇంకో సంగతి, ఏడాది మధ్యలో పని మారితే లక్ష్యాలూ మార్చి సంతకాలు చేసుకోవాలి. ఆగస్టులో వేరే ప్రాజెక్టుకు పంపి, మార్చిలో పాత లక్ష్యాలతో కొలిచిన సందర్భాలు నేను చూశాను.

## 360 డిగ్రీలు

పై అధికారితో పాటు సహోద్యోగులు, కింది ఉద్యోగులు, ఒక్కోసారి కస్టమర్లు కూడా అభిప్రాయం చెబుతారు. కింది వారిని తిడుతూ పైవారి దగ్గర తేనెలొలికించే మేనేజరు బయటపడేది దీనివల్లే. మేనేజర్ల కోసం, కేవలం వారి ఎదుగుదల కోసం, రెండేళ్లకోసారి వాడితే బాగుంటుంది. జీతానికి ముడివేశారా, పాడైపోతుంది. "నువ్వు నాకు 5 వెయ్యి, నేను నీకు 5 వేస్తా" అన్న ఒప్పందాలు క్యాంటీన్‌లో కుదురుతాయి. చిన్న సంస్థలో ఇంకో ముప్పు కూడా ఉంది. నలుగురే రాస్తే పేరు లేకపోయినా "ఈ మాట ఎవరిదో నాకు తెలుసు" అంటారు. వాక్యం తీరు చూస్తే నిజంగానే తెలిసిపోతుంది.

## రేటింగు లేని మాటామంతీ

2012లో సాఫ్ట్‌వేర్ సంస్థ అడోబీ వార్షిక సమీక్షలను ఎత్తివేసింది. సంగతి మొదట బయటపడింది మన దేశంలోనే. భారత్ పర్యటనకు వచ్చిన ఆ సంస్థ మానవ వనరుల అధిపతి డోనా మోరిస్ ఒక విలేకరితో మాట్లాడుతూ ఈ ఆలోచన చెప్పేశారు. అప్పటికి సొంత కంపెనీలో ఇంకా తేలనే లేదు! వార్షిక సమీక్షలకు తమ మేనేజర్ల సమయం ఏడాదికి 80,000 గంటలు పోతోందని ఆ సంస్థ లెక్క వేసింది. 2015లో కన్సల్టింగ్ సంస్థ డెలాయిట్ తన లెక్క దాదాపు 20 లక్షల గంటలని చెప్పింది. అదే ఏడాది యాక్సెంచర్ కూడా వార్షిక ర్యాంకింగ్‌లను వదిలేస్తున్నట్టు ప్రకటించింది. వీటి స్థానంలో వచ్చింది తరచుగా, క్లుప్తంగా జరిగే సంభాషణ.

ఇక్కడే నా స్టోర్స్ ఇన్‌చార్జి సంగతి ముగించాలి. కాగితం గొడవ తర్వాత మేనేజరునూ ఆయన్నూ ఒకచోట కూర్చోబెట్టాను. "చొరవ అంటే మీ ఉద్దేశం ఏమిటండీ?" అని మేనేజరును అడిగాను. "ప్యాకింగ్ మెటీరియల్ అయిపోయాక చెబుతున్నారు. వారం ముందే చెప్పాలి కదా" అన్నారు. స్టోర్స్ ఆయన నెమ్మదిగా, "వినియోగం రిపోర్టు చూడటానికి నాకు కంప్యూటర్‌లో అనుమతి లేదు కదా సార్. అరలు ఖాళీ అయితేనే నాకు తెలుస్తుంది" అన్నారు. ఆ అనుమతి ఇవ్వడానికి పది నిమిషాలు పట్టింది. రెండేళ్ల ఇంక్రిమెంట్లు ఆ పది నిమిషాల పనికి తగ్గాయి.

అయితే మాట్లాడితే చాలు, అంతా బాగుపడుతుందని అనుకోకండి. 1996లో క్లూగర్, డినీసీ అనే ఇద్దరు పరిశోధకులు పాత అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో అభిప్రాయం చెప్పాక పని ఇంకా తగ్గింది. మాట పని మీద ఉన్నంతసేపు ఫలితం ఉంటుంది. మనిషి మీదకు మళ్లిందంటే ఎదురు తిరుగుతుంది. "మీ నివేదికలో వసూళ్ల పట్టిక లేదు" వేరు, "మీకు శ్రద్ధ లేదు" వేరు.

మరో చిక్కు డబ్బుది. రేటింగు తీసేసినా ఇంక్రిమెంటు ఎవరికో ఎంతో ఇవ్వాలి. యజమాని బుర్రలో ఒక రహస్య జాబితా ఉంటుంది. పైకి కనిపించే మార్కుతో కనీసం కొట్లాడవచ్చు, కనిపించని మార్కుతో కొట్లాడలేం. రాత లేకపోతే రేపు ఎవరినైనా తప్పించవలసి వచ్చినప్పుడు సంస్థ చేతిలోనూ కాగితం ఉండదు.

## పక్కపక్కన పెడితే

గంటల లెక్క 40 మంది ఉన్న సంస్థకు నేను వేసుకున్నది: వార్షిక ఫారానికి గంటన్నర, సమావేశానికి గంట, మూడు నెలలకోసారి మాటకు అరగంట, 360లో ఒక్కొక్కరి గురించి ఆరుగురు అరగంట చొప్పున.

| పద్ధతి | ఇంక్రిమెంటుకు | పని మెరుగుదలకు | ఏడాదికి గంటలు | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|---|
| ఏడాదికోసారి మార్కులు | పనికొస్తుంది | అంతంతమాత్రం | 100 | మేనేజరు సొంత ధోరణి, మతిమరుపు |
| బెల్ కర్వ్ | లెక్క తేలుతుంది | చెరుపు | 100, ఆపై సర్దుబాటు సమావేశాలు | చిన్న టీమ్‌లు |
| లక్ష్యాలు | పనికి అంకె ఉంటే చాలా బాగు | ఫరవాలేదు | 100కు అటూఇటూ | అంకె కోసమే పని |
| 360 డిగ్రీలు | వద్దు | మేనేజర్లకు బాగు | 120, కూర్పు అదనం | తక్కువ మంది ఉన్న చోట |
| మూడు నెలలకోసారి మాట | ఒంటరిగా చాలదు | అన్నిటికన్నా బాగు | 80 | రాసిపెట్టకపోతే |

## మీరు ఎవరైతే ఏది

15, 20 మందితో యజమాని రోజూ అందరినీ చూసే సంస్థ అయితే ఫారం జోలికే వెళ్లకండి. మూడు నెలలకోసారి అరగంట కూర్చుని, మాట్లాడిన మూడు విషయాలు ఇద్దరికీ వెళ్లేలా మెయిల్ పెట్టండి, చాలు. కుటుంబ సంస్థల్లో ఒక జాగ్రత్త: యజమాని బావమరిది కూడా అదే కుర్చీలో అదే అరగంట కూర్చోవాలి. ఆయనకు మినహాయింపు ఇచ్చిన రోజే మిగతా అందరి దృష్టిలో ఈ తతంగం విలువ పోతుంది.

30 నుంచి 150 మంది దాకా ఉన్నవారికి నా ఓటు కలగలుపుకే. జులై, అక్టోబర్, జనవరిల్లో మాట. ఏప్రిల్‌లో నాలుగు అంశాల మీద వివరణలతో కూడిన మార్కు. ఆ మార్కును ఇంకో మేనేజరు చూడటం. 15 రోజుల్లో అభ్యంతరం చెప్పుకునే వీలు. పైన లెక్క ప్రకారం గంటలు పెరుగుతాయని మీరనవచ్చు. మూడుసార్లు రాసుకున్న నోట్సు చేతిలో ఉంటే ఏప్రిల్ ఫారం గంటన్నర నుంచి అరగంటకు దిగుతుంది. నా అనుభవంలో తేడా పెద్దగా రాలేదు. జీతం మాట మాత్రం ఇంకో రోజు, కనీసం రెండు వారాలు ఆగి.

షాప్‌ఫ్లోర్, గోడౌన్, డెలివరీ సిబ్బంది విషయంలో ఒక సూపర్‌వైజర్ కింద ముప్పై మంది ఉంటారు కాబట్టి అరగంట మాట సాధ్యం కాదు. హాజరు, నాణ్యత, భద్రత వంటి మూడు నాలుగు లెక్కలు గోడ మీద అందరికీ కనిపించేలా ఉంచి, వాటి మీదే ఇంక్రిమెంటు ఇవ్వడం మేలు. ఇంగ్లిష్ ఫారం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం మానండి. తెలుగులో రాసినదాన్ని చదువుకుని పెట్టిన సంతకానికే విలువ.

ఇక మీరు మార్కులు వేసేవారు కాకుండా వేయించుకునేవారైతే, మీ కంపెనీ ఏ పద్ధతి పెట్టినా చేయగలిగింది ఒకటుంది. నెల చివరి పని రోజున అయిదు లైన్లు రాసి పెట్టుకోండి: ఏం చేశారు, ఎవరు మెచ్చుకున్నారు, ఏది చెడింది, దాన్ని ఎలా దిద్దారు. ఏప్రిల్‌లో స్వీయ మదింపు గడి ముందు కూర్చున్నప్పుడు మీ దగ్గర అరవై లైన్లు ఉంటాయి. మేనేజరుకు రెండు నెలల జ్ఞాపకం, మీకు పన్నెండు నెలల రాత.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఇంక్రిమెంటు లెటర్లు శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు మెయిల్‌లో పంపకండి. మంగళవారం ఉదయం ఇవ్వండి, ఆ రోజంతా మీ గది తలుపు తీసి ఉంచండి. ఎవరైనా వచ్చి "ఇది పోయిన ఏడాది కాగితం కాదు కదా?" అని అడగవచ్చు.